‘ఊ’ కొట్టే ఆట, వేషం కట్టే ఆట

మా అమ్మమ్మ కథ చెప్పేటప్పుడు ఒక షరతు ఉండేది. వినేవాళ్ళు ‘ఊ’ కొట్టాలి. ‘ఊ’ ఆగిందా, కథ ఆగిపోయేది. ఏడు చేపల కథ మాకందరికీ కంఠతా వచ్చు. అయినా సరే, మేము ‘ఊ’ అనకపోతే రాజుగారి కొడుకులు గడప దాటేవారు కారు, చేపలు ఎండలోకి వచ్చేవి కావు. కథలో ఒక్క ముక్క మార్చే హక్కు మాకు లేదు. కాని మా ‘ఊ’ లేకపోతే కథే లేదు. ఆ మాత్రం అధికారానికే పొంగిపోయేవాళ్ళం.

మధ్యాహ్నం పూట పెద్దవాళ్ళు కునుకు తీస్తుంటే పెరట్లో జామచెట్టు కింద ఆడే ఆట వేరు. "నేను పోలీసుని, నువ్వు దొంగవి" అని మొదలయ్యేది. "నేనెందుకు దొంగని? నేను డాక్టర్ని" అని ఇంకొకరు. ఎవరికి కావలసిన వేషం వాళ్ళు కట్టడం, ఆ వేషం ఏం చెయ్యాలో అప్పటికప్పుడు అనుకోవడం, అందులోంచి తగాదా, తగాదాలోంచి మళ్ళీ కొత్త కథ. అమ్మమ్మ కథ ఎప్పుడూ పూర్తయ్యేది. జామచెట్టు కథ ఒక్కనాడూ పూర్తయినట్టు నాకు జ్ఞాపకం లేదు.

ఇన్నేళ్ళ తర్వాత ఈ రెండూ కంప్యూటరు తెర మీద ఎదురుపడతాయని నేననుకోలేదు. మా మేనల్లుడు కిట్టు ఉద్యోగానికి పూణే వెళుతూ తన కంప్యూటరు మా ఇంట్లో దింపి వెళ్ళాడు. "ఊరికే పెట్టి ఉంచకత్తయ్యా, పాడైపోతుంది. అప్పుడప్పుడూ ఆడుతూ ఉండు" అన్నాడు, వీణ అప్పజెప్పినట్టు. నాకేమో చేతికందిన పుస్తకమల్లా చివరిదాకా చదివి, అందులో తప్పులెంచడం పాత జబ్బు. ఆ జబ్బు ఈ ఆటలకీ పాకింది. చివరికి అవి ఫోనులోకి కూడా ఎక్కాయి.

వీటిని రోల్ ప్లేయింగ్ గేములంటారు. ఠపీఠపీ పేల్చి పారేసే రకం కాదు. ఇవి నవలల్లాంటివి. ముప్ఫై గంటలు, వంద గంటలు కూడా సాగుతాయి. ఒక మనిషి వేషంలో మనం లోపలికి వెళతాం. ఊళ్ళు తిరుగుతాం, తోడు సంపాదించుకుంటాం, బలం పెంచుకుంటాం, లోకానికొచ్చిన ఏదో ఒక ఉపద్రవానికి అడ్డం పడతాం. సంగీతంలో లాగే వీటిల్లోనూ రెండు బాణీలున్నాయి. ఒకటి పాశ్చాత్యం, రెండోది జపాను వారిది. ఏది గొప్పదని అడిగితే కుర్రకారు కత్తులు దూసుకుంటారు. "వాళ్ళదాంట్లో స్వేచ్ఛ ఉందత్తయ్యా. జపాను వాళ్ళది రైలు పట్టా. ఎక్కిస్తారు, దింపుతారు" అన్నాడు కిట్టు. చాలామంది విమర్శకులు అనేదీ ఇదే. మొదట్లో నేనూ తలూపాను.

రైలు పట్టా ఎలా పడిందో రెండు మాటల్లో చెప్పాలి. 1974లో అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆటని తెచ్చారు. దానికి కంప్యూటరు లేదు. బల్ల, కాగితాలు, పెన్సిలు, పాచికలు, చుట్టూ నలుగురు స్నేహితులు. ఒకరు కథ నడుపుతారు. "ఎదురుగా మూసిన తలుపుంది. ఏం చేస్తారు?" అని అడుగుతారు. మిగతావాళ్ళు తలో మాటా అంటారు. అచ్చంగా మా జామచెట్టే! ఈ "ఏం చేస్తారు?" అన్న ప్రశ్నే పాశ్చాత్య బాణీకి శ్రుతి. 1981లో ఆ ప్రశ్నని కంప్యూటరులోకి తెచ్చిన ‘అల్టిమా’, ‘విజర్డ్రీ’ అనే రెండాటలు వచ్చాయి. ఆ రెండింటి మీదా మోజుపడిన యూజి హోరీ అనే జపాను రచయిత 1986లో ‘డ్రాగన్ క్వెస్ట్’ తయారుచేశాడు. తర్వాత ‘డ్రాగన్ బాల్’ బొమ్మల కథతో ప్రపంచమంతా ఎరిగిన అకిరా తోరియామా దానికి బొమ్మలు గీశాడు.

ఇక్కడే ఒక చిన్న సంగతి పెద్ద తేడా తెచ్చింది. అమెరికాలో ఈ ఆటలు ఆడింది కంప్యూటర్లున్న కాలేజీ కుర్రాళ్ళు. వాళ్ళ చేతికింద కీబోర్డు నిండా అక్షరాలున్నాయి. జపానులో ఆడింది ఇంట్లో టీవీకి తగిలించుకునే ఫామికామ్ అనే చిన్న యంత్రం మీద బడిపిల్లలు. వాళ్ళ చేతిలో ఉన్నది చిన్న పలక. బొటనవేలి కింద ఒక ప్లస్ గుర్తు, రెండు ముఖ్యమైన బటన్లు. అంతే. రెండు బటన్లతో పిల్లవాడు ఏమని జవాబు చెప్పగలడు? ‘ఊ’ అనగలడు. మహా అయితే ‘ఊహూ’ అనగలడు. ఆగిన చోటునుంచి మర్నాడు మళ్ళీ ఆడాలంటే యంత్రమిచ్చే 20 అక్షరాల మంత్రాన్ని తప్పుల్లేకుండా నోటుపుస్తకంలో ఎక్కించుకోవాలి. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు పునర్జీవన మంత్రం. మన శుక్రాచార్యుల వారి దగ్గరున్న సరుకే.

ఆ మొదటి ‘డ్రాగన్ క్వెస్ట్’లో ఒక రాజకుమారి ఉంది. వీరుడు ఆమెను చెరనుంచి విడిపిస్తాడు. కడపట అతను కొత్త రాజ్యం వెతుక్కుంటూ బయల్దేరితే "నన్నూ తీసుకువెళతారా?" అని అడుగుతుంది. అవును, కాదు అని రెండు జవాబులు తెర మీద ఉంటాయి. నేను ఆడదాన్నే గనక, చూద్దాం ఏమంటుందో అని ‘కాదు’ నొక్కాను. "అంత కఠినమా!" అంది, మళ్ళీ అదే అడిగింది. మళ్ళీ కాదన్నాను. మళ్ళీ అదే. మీరు తెల్లవార్లూ కూచుని కాదన్నా ఆవిడ తెల్లవార్లూ అడుగుతుంది. అవునంటేగాని కథ కదలదు. పాశ్చాత్య విమర్శకులకు ఇది పెద్ద హాస్యం. నాకు మాత్రం అమ్మమ్మ మంచం కనబడింది. ‘ఊ’ కొట్టమ్మా, ముందుకు పోదాం.

ఇక అవతలి బాణీకి నమూనాగా బెథెస్డా సంస్థ 2011లో తెచ్చిన ‘స్కైరిమ్’ని చూద్దాం. ఆట మొదలయ్యేసరికి చేతులు కట్టేసి, తల నరకడానికి బండిలో తీసుకువెళుతుంటారు. మనల్ని కన్నవాళ్ళెవరో చెప్పరు. జాబితా పట్టుకున్న ఒక ఉద్యోగి "నువ్వెవరు?" అంటాడు. అప్పుడు మన ముఖం మనమే చేసుకోవాలి. ఏ జాతి, ఆడా మగా, ముక్కెలా ఉండాలి, దవడెలా ఉండాలి, చెంప మీద గాటుండాలా వద్దా. నాకు ముక్కు దిద్దుకోవడానికే గంట పట్టింది. ఇంతలో డ్రాగన్ వచ్చి ఊరు తగలెయ్యడంతో తల దక్కుతుంది. ఇక ఎటు పోతావో పో. కొండ కనబడితే ఎక్కు. లోకాన్ని రక్షించాలనిపిస్తే రక్షించు, లేకపోతే నీ ఇష్టం. నేను ఒక వారం రోజులు లోకాన్ని దాని ఖర్మానికి వదిలేసి పూలు కోసుకుంటూ, సీతాకోక చిలకల్ని పట్టుకుంటూ, మందులు నూరుకుంటూ తిరిగాను. "ఎక్కడికి? ఎప్పుడొస్తావు? వంటేమయింది?" అని అడిగిన నాథుడు లేడు. పెళ్ళయి నలభై ఏళ్ళయిన ఆడదానికి తల్లీ తండ్రీ అత్తా మామా ఎవ్వరూ లేని ఇంకో పుట్టుక వారం రోజుల పాటు అనుభవానికి రావడం ఎలా ఉంటుందో మీకు నేను వివరించనక్కరలేదు. ఈ బాణీలో ఉన్న గొప్ప ఇది. దీన్ని తీసిపారేసే వాళ్ళతో నాకు పేచీ ఉంది.

అయితే ఆ స్వేచ్ఛతోనే పెళ్ళి చేసుకుందామని బుద్ధి పుట్టింది. అక్కడ తేలింది అసలు సంగతి.

స్కైరిమ్‌లో పెళ్ళి ఇలా జరుగుతుంది. రిఫ్టెన్ అనే ఊళ్ళో మారా అనే దేవత గుడి ఉంది. అక్కడి పూజారి 200 నాణేలకు ఒక పతకం అమ్ముతాడు. అది మెళ్ళో వేసుకు తిరిగితే ‘పెళ్ళికి సిద్ధం’ అని అర్థం. మనకు పెళ్ళయ్యాక మెడలో పడేది వాళ్ళకు పెళ్ళికి ముందే పడుతుందన్నమాట. మనం ఏదో ఒక మేలు చేసి మెప్పించిన మనిషైతే చాలు, పతకం చూసి ఒప్పేసుకుంటాడు. ఆడవాళ్ళు ఆడవాళ్ళనే చేసుకున్నా అక్కడ ఎవరికీ అభ్యంతరం లేదు. మర్నాడు గుళ్ళో పెళ్ళి. ఆ తర్వాత భర్తగారు ఇంట్లో కొట్టు పెట్టి రోజుకు 100 నాణేలు చేతిలో పోస్తాడు. రోజుకోసారి అడిగితే వేడివేడిగా వండి పెడతాడు.

"ఇంకేం కావాలక్కా? నాకూ ఆ ఊరి అడ్రసివ్వు" అంది మా తోటికోడలు.

మూడు రోజులకే నాకు మొహం మొత్తింది. డ్రాగన్‌ని చంపి వచ్చినా అదే పలకరింపు, నెల్లాళ్ళు అయిపు లేకుండా పోయి వచ్చినా అదే పలకరింపు. కోపం లేదు, బెంగ లేదు. పోనీ ఇతన్ని కాక ఇంకొకర్ని చేసుకుని ఉంటే? అదే కొట్టు, అవే 100 నాణేలు, అదే భోజనం. ఎంచుకోవడానికి పదుల కొద్దీ మనుషులున్నారు గాని, ఎవర్ని ఎంచుకున్నా కాపురంలో తేడా రాదు. చీరల కొట్టులో వంద చీరలు విప్పించి చూస్తే అన్నింటికీ ఒకే అంచు ఉన్నట్టు.

ఇప్పుడు జపాను పెళ్ళి చూడండి. 1992లో వచ్చిన ‘డ్రాగన్ క్వెస్ట్’ అయిదో భాగం. ఇందులో వీరుడు పసివాడుగా మొదలవుతాడు. తండ్రి వెనకాల నడుస్తూ లోకం చూస్తాడు. ఆ తండ్రి కళ్ళముందే హతమవుతాడు. కుర్రాడు పదేళ్ళు బానిసగా రాళ్ళు మోస్తాడు. ఇవేవీ మనం ఆపలేం. ‘ఊ’, ‘ఊ’ అంటూ పోవడమే. పెద్దవాడయ్యాక, దివ్యమైన డాలున్న ఒక ధనవంతుడు కూతురికి స్వయంవరం లాంటిది ప్రకటిస్తాడు. అగ్ని ఉంగరం, జల ఉంగరం తెచ్చినవాడికే పిల్ల. మనవాడికి కావలసింది డాలు. జల ఉంగరం కోసం వెళ్ళే దారిలో చిన్ననాటి స్నేహితురాలు బియాంకా కనబడుతుంది. తల్లి లేదు, తండ్రి జబ్బు మనిషి. అయినా తోడు వస్తానని బయల్దేరుతుంది, ఆ ఉంగరం ఇంకో పిల్ల వేలికి వెళ్ళేదని తెలిసీ.

ఉంగరాలు తెచ్చాక ధనవంతుడి కూతురు ఫ్లోరాయే బియాంకా ముఖం చూసి సంగతి కనిపెడుతుంది. "రాత్రి ఆలోచించుకుని పొద్దున చెప్పు" అంటాడు ఆ పెద్దమనిషి. ఆ రాత్రి ఆటలో చెయ్యడానికి ఏమీ ఉండదు. ఊరంతా నిద్రపోతుంటుంది. వీధుల్లో తిరగచ్చు. బియాంకా నిద్రపట్టక మేలుకుని ఉంటుంది. వెళ్ళి పలకరిస్తే, నా గురించి ఆలోచించకు, ఫ్లోరాని చేసుకో అన్న ధోరణిలో మాట్లాడుతుంది. అప్పటిదాకా అన్నింటికీ ‘ఊ’ కొట్టించుకున్న కథ, పొద్దున్నే ఇద్దరాడపిల్లల్ని ఎదట నిలబెట్టి "చెప్పు" అంటుంది.

నేను బియాంకాని చేసుకున్నాను. మా తోటికోడలు ఫ్లోరాని చేసుకుంది. మామగారు డబ్బూ సామానూ కూడా పంపిస్తాడు మరి. "కట్నానికి ఆశపడ్డావు" అన్నాను. "ఆ పిల్ల చేసిన తప్పేమిటక్కా? డబ్బున్న ఇంట్లో పుట్టడమేనా? అయినా పక్కదాని మనసు ముందు కనిపెట్టింది ఎవరు?" అంది. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది. జపానులో ఈ తగాదా ముప్ఫై ఏళ్ళు దాటినా తీరలేదు. 2008లో మళ్ళీ విడుదల చేసినప్పుడు ఫ్లోరా అక్కని మూడో కన్యగా చేర్చి తగాదాకి ఇంకాస్త ఆజ్యం పోశారు.

స్కైరిమ్‌లో నేను ఎవర్ని పెళ్ళాడానో ఆ పేరు ఇప్పుడు నాకు గుర్తు లేదు. బియాంకా గుర్తుంది. కథంతటికీ కలిపి అంతలేసి బరువున్న ప్రశ్న ఒక్కటే అడిగారు గనక ఆ ఒక్కదానికీ నిద్ర పట్టలేదు. మా తరంలో ఆడపిల్లని అడిగిన ప్రశ్నలూ ఇంచుమించు ఆ సంఖ్యలోనే ఉండేవి. కొన్ని ఇళ్ళల్లో అదీ లేదనుకోండి.

ఆ పెళ్ళి తర్వాత జరిగేది మరీ చిత్రం. వీరుడికి కవలలు పుడతారు. ఆ వెంటనే శత్రువులు అతన్నీ భార్యనీ శిలలుగా మార్చేస్తారు. అతని విగ్రహాన్ని ఎవరో వేలంలో కొని శుభం కలుగుతుందని తోటలో నిలబెట్టుకుంటారు. ఎండ, వాన, మంచు. కొనుక్కున్న వాళ్ళ పసివాడు ఆ విగ్రహం ముందే పాకి, నడక నేరుస్తాడు. మనం బటను నొక్కుతూ చూస్తుంటాం. 8 ఏళ్ళు గడుస్తాయి. చివరికి అతని పిల్లలే వెతుక్కుంటూ వచ్చి తండ్రిని మనిషిని చేస్తారు. తండ్రి వెతికి, తను వెతికిన ఆ మహావీరుడు, దివ్య ఖడ్గం ఎత్తగలవాడు తన కొడుకని అప్పుడు తెలుస్తుంది. తను కాదు! అన్ని గంటలు ఆడిన మనం వీరుడి తండ్రిమి మాత్రమే. స్వేచ్ఛ లేదని ఎగతాళి చేసే వాళ్ళు ఈ ఘట్టం దగ్గర కాస్త ఆగాలి. "నువ్వే గొప్పవాడివి" అని మనల్ని ఉబ్బెయ్యకుండా ఉండే ధైర్యం ఈ రకం ఆటల్లో అరుదు. స్కైరిమ్‌లో చూడండి. డ్రాగన్ వీరురాలిని నేనే, మంత్రవిద్యాలయానికి పెద్దని నేనే, దొంగల ముఠా నాయకురాలినీ నేనే.

జపాను వాళ్ళని పొగుడుతున్నానని అనుకోకండి. ఆ పాత ఆటల్లో నాలుగడుగులు వేస్తే చాలు, ఎక్కడినుంచో ఒక బురద ముద్ద ఊడిపడి యుద్ధం చెయ్యమంటుంది. గంటల తరబడి పిండి రుబ్బినట్టు ఆ ముద్దల్ని రుబ్బాలి. ఇంకో ఫిర్యాదు ఉంది, అది పెద్దది. ఆడపిల్లలు చాలా చోట్ల గాయాలకు మందు రాసే పనికే ఉంటారు. 1997 నాటి ‘ఫైనల్ ఫాంటసీ’ ఏడో భాగంలో పూలమ్ముకునే ఏరిత్‌ని కథ మధ్యలోనే చంపేస్తారు. లోకమంతా ఏడిచింది. ఆమెను బతికించే ఉపాయం ఎక్కడో దాచి ఉంటారని ఆడేవాళ్ళు ఏళ్ళ తరబడి వెతికారు. లేదు. ఆ చావు పెట్టిన తీరు గొప్పదే, ఒప్పుకుంటాను. అప్పటిదాకా మనతో నడిచి, మన గాయాలు మాన్పిన మనిషి జట్టులో ఉండదు, ఆ ఖాళీ తర్వాతి ప్రతి యుద్ధంలోనూ తెలుస్తుంది. కాని కథానాయకుడి దుఃఖానికి శోభ కోసం ఆడపిల్లని బలిపెట్టడం మన సినిమాల్లో చూసి చూసి నాకు విసుగు. జపాను వాళ్ళు చేస్తే మాత్రం కొత్తదవుతుందా?

పాశ్చాత్యుల్లో అసలైన కాపురం కథ నాకు ‘విచర్’ మూడో భాగంలో దొరికింది. 2015లో పోలండు వాళ్ళు తెచ్చారు. గెరాల్ట్ అనే వేటగాడు తన పెంపుడు కూతురి జాడ వెతుకుతూ ఒక బారన్ దగ్గరికి వస్తాడు. "నీ పిల్ల సంగతి చెబుతాను. ముందు కనబడకుండా పోయిన నా భార్యనీ కూతుర్నీ వెతికి పెట్టు" అంటాడు బారన్. వెతకగా వెతకగా తెలిసేదేమిటంటే వాళ్ళు తప్పిపోలేదు, పారిపోయారు. తాగి కొట్టే మనిషి దగ్గరినుంచి పారిపోయారు. ఆ రాత్రి గొడవలో భార్యకు గర్భం పోయింది. పేరు కూడా పెట్టకుండా పూడ్చిన ఆ పిండం పిశాచమై తిరుగుతుంటుంది. దాన్ని చంపెయ్యవచ్చు. లేదా బారన్ చేతే ఎత్తించి, పేరు పెట్టించి, గడప కింద శాస్త్రోక్తంగా పూడ్చిపెట్టించవచ్చు. ఇంత పెద్ద మొరటు మనిషి పురిటికందులా దాన్ని చేతుల్లో పట్టుకు నడుస్తుంటే నాకు ఒళ్ళు జలదరించింది.

అంతటితో పోదు. అడవిలో చెట్టులో బందీగా ఉన్న ఒక భూతాన్ని వదలాలా చంపాలా అని ఇంకెక్కడో ఒక నిర్ణయం చేస్తాం. వదిలితే అక్కడి అనాథ పిల్లలు బతుకుతారు. కాని బారన్ భార్య శాపంతో కన్ను మూస్తుంది, అతను ఉరిపోసుకుంటాడు. చంపితే ఆవిడ బతుకుతుంది, మతి మాత్రం ఉండదు, ఆ పిల్లలు దక్కరు. చేసేటప్పుడు ఈ ముడి మనకు తెలియదు. ఇంత కట్టుదిట్టంగా అల్లిన కథకు దణ్ణం పెట్టాలి. ఒక్కటి మాత్రం నాకు రుచించలేదు. బారన్ తన గోడు చెప్పుకోవడానికి ఎన్ని ఘట్టాలో! గొంతు గద్గదమవుతుంది, యుద్ధానికి వెళ్ళిన కథ చెబుతాడు, భార్యదీ తప్పుందంటాడు. ఆవిడ మాట వినబడేది ఎంతసేపు? భయంతో వణుకుతూ నాలుగు మాటలు, ఆ తర్వాత మతిలేని మాటలు. కొట్టినవాడి మీద మనకు జాలి కలిగేదాకా వదలని రచయితలు, దెబ్బ తిన్నదానికి కూచోబెట్టి ఒక్క గంట ఇవ్వలేకపోయారు. స్వేచ్ఛ నాకే గాని ఆవిడకేదీ?

ఇలా ఆడుతూ పోగా నాకు తట్టిందేమిటంటే, తేడా స్వేచ్ఛలో లేదు. అడిగే తీరులో ఉంది. పాశ్చాత్య ఆట ప్రశ్నని తెర మీద వ్రాసి, కింద నాలుగు జవాబులు వరసగా పేర్చి ఇస్తుంది. మనం పరీక్ష వ్రాసినట్టు ఒకటి నొక్కుతాం. నేను ఆడిన జపాను ఆటల్లో మంచివి ప్రశ్నని పనిలో దాచిపెడతాయి.

దీనికి ఎదురు సాక్ష్యం నేనే చెబుతాను. రిచర్డ్ గారియట్ 1985లో ‘అల్టిమా’ నాలుగో భాగం తెచ్చాడు. దాని పేరులో ‘అవతార్’ అన్న మాట మన సంస్కృతం నుంచి పట్టుకెళ్ళిందే. అందులో చంపడానికి మహా రాక్షసుడంటూ లేడు. ఎనిమిది సుగుణాలు అలవరచుకుని అవతారమూర్తి అనిపించుకోవాలి. అక్కడ మూలికలమ్మే ఆవిడకు కళ్ళు కనబడవు. ధర చెబుతుంది. ఎంత ఇస్తున్నామో మనమే అంకె కొట్టాలి. తక్కువిచ్చినా ఆవిడ ఒక్క మాటనదు. తెర మీద ‘మోసం చేస్తావా, చెయ్యవా?’ అన్న ప్రశ్న రాదు. లోపల మన నిజాయితీ లెక్కలో కోత పడుతుంది, అంతే. నేను మొదటిసారి పది నాణేలు ఎగ్గొట్టాను. చేతిలో డబ్బు తక్కువై కాదు, చూద్దామని. చూద్దామని ఎగ్గొట్టినా ఎగ్గొట్టడమే కదా! చేసింది ఎవరైతేనేం, నా బాణీ సిద్ధాంతానికి ఆ గుడ్డి ఆవిడ ఇప్పటికీ అడ్డంగా కూచుని ఉంది.

ఈమధ్య హద్దులు ఎలాగూ చెరిగిపోతున్నాయి. జపాను వాళ్ళు 2022లో తెచ్చిన ‘ఎల్డెన్ రింగ్’లో దిక్కూ దారీ చెప్పకుండా మైదానంలో వదిలేస్తారు. 2025లో ఫ్రాన్సు నుంచి వచ్చిన ‘క్లేర్ ఆబ్స్‌క్యూర్’ జపాను పద్ధతిలో వంతులవారీ యుద్ధాలతో నడుస్తుంది. ఏటా ఒక అంకె వ్రాస్తే ఆ వయసు వాళ్ళంతా మాయమైపోయే ఊరి కథ అది. దాని గురించి వేరే వ్రాయాలి.

నాకు ఈ ప్రశ్న దాచడమన్నది తెలిసివచ్చింది చేపల దగ్గర. 1994లో వచ్చిన ‘ఫైనల్ ఫాంటసీ’ ఆరో భాగంలో, సగం కథ అయ్యేసరికి లోకం నాశనమైపోతుంది. వీరులు గెలవరు. అక్కడినుంచి ఒక ఏడాది తర్వాత సెలీస్ అనే ఆమె చిన్న దీవిలో కళ్ళు తెరుస్తుంది. ఒకప్పుడు సేనాని. ఏడాది పాటు స్పృహ లేని ఆమెకు ఉపచారం చేసినవాడు సిడ్ అనే ముసలి శాస్త్రవేత్త. తాతయ్యలాంటివాడు. ఇప్పుడతను మంచం పట్టాడు. దీవిలో ఇంకెవరూ లేరు. ఆకలి అంటాడు. సెలీస్ ఒడ్డుకు పోయి చేపలు పట్టుకొచ్చి పెట్టాలి.

అంతే చెబుతారు. నీళ్ళల్లో నాలుగు చేపలు కదులుతుంటాయి. ఒకటి చురుగ్గా ఈదుతుంది, ఒకటి ఈడుస్తూ ఈదుతుంది. నేను చేతికి సులువుగా చిక్కేదాన్ని పట్టుకొచ్చి పెట్టాను. తిన్నాడు. మళ్ళీ వెళ్ళాను, మళ్ళీ అలాంటిదే. నాలుగైదుసార్లు తిరిగాను. ఒకసారి లోపలికి వచ్చి పలకరిస్తే సిడ్ పలకలేదు. సెలీస్ కొండకొమ్ము మీదికి వెళ్ళి సముద్రంలోకి దూకేస్తుంది. ఒడ్డున తెలివి వచ్చేసరికి ఎదురుగా ఒక పక్షి, దానికి కట్టి ఉన్న ఒక గుడ్డ పీలిక. అది తనవాళ్ళలో ఒకడిది. అయితే ఎవరో బతికే ఉన్నారన్నమాట! అక్కడినుంచి ఆమె మళ్ళీ లేస్తుంది. వెనకాల వచ్చే సంగీతం నోబుఓ ఉఎమాత్సుది. నేను కళ్ళు తుడుచుకుని, ఎంత గొప్ప ఘట్టం, కథకుడంటే వీడు అనుకున్నాను. కిట్టుకి ఫోను చేసి అదే అన్నాను.

"అదేంటత్తయ్యా, సిడ్ పోయాడా? ఏ చేపలు పెట్టావేంటి?"

"ఏ చేపలేమిటి?"

"నిదానంగా ఈదేవి పెట్టుంటావు. అవి బాగుండవు. వడిగా ఈదేవే మంచివి. అవి పెడితే బతుకుతాడుగా."

నాకు కాసేపు నోట మాట రాలేదు. అది విధి అనుకుని ‘ఊ’ కొట్టాను నేను. నిజానికి అది నా చేతి పని. మంచి చేప ఏది అని ఎవరూ అడగలేదు, ఫలానాది పెడితే పోతాడని ఎవరూ హెచ్చరించలేదు. సులువుగా చిక్కిందని పెట్టాను. మంచంలో ఉన్న పెద్దవాళ్ళకు జావ కాచి పోసిన వాళ్ళెవరికైనా ఆ రాత్రి నాకు నిద్రెందుకు పట్టలేదో తెలుస్తుంది. మా మామగారికి చివరి రోజుల్లో నేను పోసిన జావ పల్చనైందా చిక్కనైందా అని ఇన్నేళ్ళకు మళ్ళీ లెక్క వేసుకుంటూ పడుకున్నాను.

వారం తర్వాత ఆ ఘట్టం మళ్ళీ ఆడాను. వడిగా ఈదేవాటి కోసమే కాపు వేశాను. అవి చిక్కడం కష్టం. ఈలోగా అతని ప్రాణం తరిగిపోతుంటుంది గనక ఆలస్యం పనికిరాదు. సిడ్ లేచి కూచున్నాడు. తను చేసి ఉంచిన తెప్పని చూపించి, వెళ్ళి నీవాళ్ళని వెతుక్కోమన్నాడు. ఈ దారిలో కొండకొమ్ము లేదు, పక్షి లేదు, గుడ్డపీలిక లేదు, ఆ సంగీతం మధ్య లేవడం లేదు. తెప్ప ఎక్కి వెళ్ళిపోవడమే. కథగా చూస్తే చప్పగా ఉంది. సిడ్ పోతేనే కథకు బలం, సెలీస్‌కి నిండుదనం. విమర్శ వ్రాసేదాన్ని గనక ఈ మాట దాచకుండా చెప్పాలి. ముసలాయన చావే సరైన కథ.

మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు మా తోటికోడలు ఆ ఆట చూపించమంది. మొదటినుంచీ మొదలుపెట్టాం. నేను పక్కన కూచుని ‘ఊ’ కొడుతున్నాను. దీవి వచ్చింది. ఆవిడ ఒడ్డుకు వెళ్ళి నిదానంగా ఈదే చేప దగ్గరికి నడుస్తోంది. ఊరుకుంటే ఆ గొప్ప ఘట్టం చూస్తుంది.

"అది వద్దు, ఆ పరిగెత్తేదాన్ని పట్టు" అన్నాను.